వలస: ఆ మాటకి అర్థం, రోజువారీ వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, కనిగిరి చుట్టుపక్కల బడుల్లో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. ఆ ప్రాంతంలో తెలుగు చెప్పేవాడికి 'వలస' అనే మాటని తప్పించుకోవడం కుదరదు. అది పాఠంలో వస్తుంది, పేపర్లో వస్తుంది, హాజరు పట్టీలో వస్తుంది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు పత్రికల్లోనో సచివాలయాల్లోనో పనిచేస్తున్న పిల్లలు, బెంగుళూరులో పుట్టి సెలవులకి ఊరొచ్చే వాళ్ళ పిల్లలు ఈ మాట గురించి అడుగుతూనే ఉంటారు. వాళ్ళడిగిన ప్రశ్నలనీ, వాటికి నేను చెప్పే జవాబులనీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

'వలస' అంటే సరిగ్గా ఏమిటి?

బతకడానికో, ప్రాణం కాపాడుకోవడానికో ఉన్న ఊరు విడిచి వేరేచోటికి పోవడం. ఊరికే చోటు మారితే వలస కాదు. వెనక నుంచి ఏదో ఒకటి తరమాలి. కరువు, అప్పు, పని లేకపోవడం, యుద్ధం, వరద, వీటిలో ఏదైనా కావచ్చు. సరదాగా ఊటీ పోయినవాణ్ణి వలస పోయాడని ఎవరూ అనరు కదా.

పాత నిఘంటువులు చూస్తే ఈ తరమడం ఇంకా స్పష్టంగా కనపడుతుంది. శత్రువుల దండు వస్తోందన్న భయంతో ఇల్లూ వాకిలీ వదిలి లేచిపోవడాన్ని వలస అన్నారు. అంటే మొదట ఈ మాటలో ఉన్నది కూలి కాదు, భయం. దండ్ల కాలం పోయాక కరువు వాటి స్థానంలోకి వచ్చింది. గుంటూరు, నెల్లూరు సీమల్ని తుడిచిపెట్టిన 1832–33 నందన కరువులోనూ, ఆ తరవాత 1876–78 ధాత కరువులోనూ ఊళ్ళకి ఊళ్ళు తిండి ఉన్న దిక్కుకి నడిచాయి. ఇప్పుడు మనం వాడే అర్థానికి దగ్గరి చుట్టం ఆ నడకే.

మాట మన ద్రావిడ భాషలదే. కన్నడంలో వలసె, తమిళంలో వలసై అంటారు. తమిళంలో పక్షులు దూరదేశాల నుంచి రావడానికి కూడా ఇదే మాట.

వలస పోవడమా, వెళ్ళడమా, రావడమా? ఏది సరైనది?

అన్నీ సరైనవే. కానీ క్రియని బట్టి చెప్పేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలిసిపోతుంది. "వలస పోయారు" అన్నవాడు ఊళ్ళో మిగిలినవాడు. "వలస వచ్చారు" అన్నవాడు పట్నంలో ఉన్నవాడు. ఒకే కుటుంబం, పొద్దున పామూరులో 'పోయినవాళ్ళు', మర్నాడు తెల్లారేసరికి బెంగుళూరులో 'వచ్చినవాళ్ళు' అవుతారు. పిల్లలకి క్రియల పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణే ఇచ్చేవాణ్ణి. వాళ్ళ ఇళ్ళలో జరిగేదే కాబట్టి వెంటనే పట్టుకునేవాళ్ళు.

'వలసించారు' అని అక్కడక్కడా రాస్తున్నారు. అలా రాయకండి. వలస నామవాచకం. దానికి పోవు, వెళ్ళు, వచ్చు లాంటి క్రియ తోడుండాలి. కలిపి 'వలసపోయారు' అని రాసినా, విడిగా 'వలస పోయారు' అని రాసినా తప్పు లేదు. పత్రికల్లో కనపడే 'వలస బాట పట్టారు' మంచి వాడుకే. కాకపోతే ఎండాకాలం రాగానే ప్రతి వార్తకీ అదే శీర్షిక పెడితే మాటలో పస పోతుంది.

మా ఊళ్ళో ఇంటికొకరు వలస పోతారు. కానీ ఎవరి నోటా ఆ మాట రాదు. ఎందుకని?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. జవాబు నాకు ఒక తల్లి చెప్పింది.

ఒక ఏడాది వానలు లేక సజ్జ, కంది రెండూ పోయాయి. ఆరో తరగతిలో ఒక పిల్లాడు నెలన్నర బడికి రాలేదు. హాజరు పట్టీలో పేరు పక్కన కారణం రాయాలి. 'తల్లిదండ్రులతో వలస' అని ఎర్ర ఇంకుతో రాశాను. చాలా మందికి అలాగే రాసేవాణ్ణి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఆ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని తల్లి బడికి వచ్చింది. సిమెంటు పనిలో వేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఉన్నాయి. పట్టీ బల్ల మీద తెరిచే ఉంది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ గడిలోకి వంగి చూసి, నెమ్మదిగా అంది: "వలస అని రాయబాకండయ్యా. మేమేం దేశాలు పట్టి పోలా. పనికి పోయినాం. మా ఇల్లు ఈడే ఉండాది గదా."

నాకు నోట మాట రాలేదు. నేను వ్యాకరణం ప్రకారం సరైన మాటే రాశాను. కానీ ఆమె చదివిన అర్థం వేరు. వలస అంటే ఆమెకి వేరు తెగిపోవడం, ఊళ్ళో తన పేరు కొట్టేయడం. తన పొలం, తన ఇల్లు, తన వీధి గుడి అన్నీ ఇక్కడే పెట్టుకుని కొన్నాళ్ళు పనికి పోయి వచ్చిన మనిషిని పట్టుకుని నేను ఊరు లేనిదాన్ని చేశాను. ఆ గడిలో మాట కొట్టేసి 'పని కోసం కుటుంబంతో బెంగుళూరు వెళ్ళాడు' అని రాశాను. గడి చాలలేదు. పక్క గడిలోకి కూడా రాశాను.

అప్పటి నుంచి ఈ మాట గురించి నేను చెప్పేది ఒక్కటే. 'వలస' అనేది ఎక్కువగా చూసేవాళ్ళ మాట, పోయేవాళ్ళ మాట కాదు. ఎదుటి మనిషి గురించి, మనుషుల గుంపు గురించి, జరుగుతున్న పరిస్థితి గురించి చెప్పేటప్పుడు అది సరిపోతుంది. మనిషి ముఖం మీద "మీరు వలస పోయారా?" అని అడగడం మాత్రం బాగుండదు. "పనికి ఎక్కడికి పోయినారు?" అని అడగండి. జవాబు నిండుగా వస్తుంది.

మరి ఊళ్ళో ఏమంటారు?

మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినపడేది "పనికి పోయినారు", "బయటికి పోయినారు". ఇంకా చాలాసార్లు ఊరి పేరే చెప్పి వదిలేస్తారు. "పెద్దోడు యాడుండాడు పెదమ్మా?" అంటే "బెంగుళూర్లో ఉండాడు నాయనా, పన్లో" అంటుంది. అంతే. వలసంతా ఆ 'పన్లో' అనే మాటలో ఇమిడిపోతుంది. సంక్రాంతి దాటాక మిరపకాయ కోతలకి పోయేవాళ్ళు "గుంటూరు పక్కకి కోతలకి పోతాండాం" అంటారు. జామాయిల్ కొట్టను పోయేవాళ్ళు "కర్రకి పోయినారు" అని చెప్పడం విన్నాను.

కొంచెం బరువుగా చెప్పాలంటే 'బతకను పోయినారు', 'పొట్ట చేతబట్టుకుని పోయినారు', 'మూటాముల్లె సర్దుకుని పోయినారు' అంటారు. పూర్తిగా తిరిగిరాని దిక్కుకి పోయినవాణ్ణి 'దేశాలు పట్టి పోయాడు' అంటారు. అందులో కాస్త ఆక్షేపణ ఉంది, ఇల్లు పట్టించుకోలేదన్న బాధ ఉంది. ఆ తల్లికి కోపం వచ్చింది అందుకే.

ఒక్క జాగ్రత్త. పాత పుస్తకాల్లో ఊరు విడిచిపోవడాన్ని 'లేచిపోవడం' అని కూడా రాశారు. ఇప్పుడు ఆ మాట వాడితే ఎవరో ఎవరితోనో వెళ్ళిపోయారని అర్థమవుతుంది. బెంగుళూరు పిల్లలు తాతయ్య గురించి వ్యాసం రాస్తూ 'మా తాత 1980లో ఊరి నుంచి లేచిపోయాడు' అని రాస్తే నేనే దిద్దాను.

పోయే ముందు రోజు రాత్రి ఇంట్లో వినపడే మాటలు కూడా గుర్తుపెట్టుకోదగ్గవి. "బియ్యం మూట కట్టినావా?", "పచ్చడి డబ్బాకి గుడ్డ కట్టు, నూనె కారతది", "ముసలామెకి మాత్రలు ఎన్ని రోజులకి ఉండాయి?", "తాళంచెవి ఎవరికిస్తాం?" ఈ చివరిది పెద్ద ప్రశ్న. తాళంచెవి ఇచ్చేది ఎవరికంటే వాళ్ళకి కాదు. ఇంటి ముందు ఊడ్చి, పండక్కి గడపకి పసుపు రాసి, వాన పడితే పైకప్పు చూసే మనిషికి ఇస్తారు. తాళానికి పాలిథీన్ కవరు చుట్టి దారంతో కడతారు, వానకి తుప్పు పట్టకుండా. మా వీధిలో ఒకే వరసలో అలాంటి మూటగట్టిన తాళాలు ఆరేడు చూసిన ఏళ్ళున్నాయి.

ఇల్లు మారడం, కాపురం మార్చడం, బదిలీ, మకాం ఎత్తేయడం... వీటికీ వలసకీ తేడా?

ఉద్యోగిని ప్రభుత్వమో కంపెనీయో పంపితే బదిలీ. వాడుకలో ట్రాన్స్‌ఫర్. నెల్లూరులో మాగుంట లేఅవుట్ నుంచి దర్గామిట్టకి అద్దిల్లు మారితే ఇల్లు మారడం, లేదా షిఫ్ట్ అవడం. పిల్లల చదువుకని కందుకూరులో ఇల్లు వదిలి ఒంగోలులో పెట్టుకుంటే కాపురం మార్చడం. 'మకాం' అంటే కొన్నాళ్ళ బస, కాబట్టి మకాం మార్చినవాడు రేపు మళ్ళీ మార్చవచ్చు. 'బిచాణా ఎత్తేశాడు', 'తట్టాబుట్టా సర్దేశాడు' అన్నవాటిలో అప్పులోళ్ళకి చెప్పకుండా పోయాడన్న వాసన ఉంటుంది. మర్యాదగా చెప్పాల్సినచోట వాడకండి.

మంచి ఉద్యోగం వచ్చి అమెరికా వెళ్ళినవాడి సంగతి? లెక్క ప్రకారం అదీ వలసే. 'మేధావుల వలస' అని పుస్తకాల్లో రాస్తాం. కానీ ఇంట్లో మాత్రం 'అమెరికాలో సెటిలయ్యాడు' అంటాం. కూలికి పోయినవాడు వలస, సాఫ్ట్‌వేర్‌కి పోయినవాడు సెటిల్. ఊరు విడిచింది ఇద్దరూ. ఈ తేడా భాష పెట్టింది కాదు, మనం పెట్టింది. సరిదిద్దుకోవడం కూడా మన చేతుల్లోనే ఉంది.

పెళ్ళయి అత్తారింటికి వెళ్ళడం కూడా వలసేనని మా అమ్మాయి పుస్తకంలో ఉంది. నిజమేనా?

జనాభా లెక్కల భాషలో నిజమే. పుట్టిన ఊళ్ళో కాకుండా, లేదా అంతకుముందు ఉన్న ఊళ్ళో కాకుండా వేరే ఊళ్ళో లెక్కకి దొరికిన ప్రతి మనిషినీ అందులో వలస వచ్చినట్టే రాస్తారు. ఆ లెక్కన 2011లో దేశంలో దాదాపు 45 కోట్ల మంది వలసదారులు తేలారు. అంత పెద్ద సంఖ్య రావడానికి ముఖ్యకారణం కూలీలు కాదు, పెళ్ళయి ఊరు మారిన ఆడవాళ్ళు.

మన తెలుగులో దానికి వేరే మాట ఉంది. 'కాపురానికి పోవడం'. పిల్లని సారెతో కాపురానికి పంపుతాం గానీ వలస పంపం. అందువల్ల పేపర్లో 45 కోట్ల వలసలు అని చదివినప్పుడు అందరూ మూటలు నెత్తిన పెట్టుకుని రైలెక్కినట్టు ఊహించుకోకూడదు. అయితే మా పెద్దమ్మ ఒకసారి అన్నమాట మర్చిపోలేను. ఉదయగిరి పక్కన పుట్టి పదిహేనేళ్ళకి పొదిలి పక్కకి కోడలిగా వచ్చిన మనిషి. "నన్నెవురూ తరమలా నాయనా, కానీ నేనుగా రాలా" అంది. నిఘంటువు అర్థానికి ఆమె చాలా దగ్గరగా వచ్చింది.

వలస కూలీ, వలస కార్మికుడు, వలసదారు: ఏది రాయాలి?

వార్తల్లో, అర్జీల్లో 'వలస కార్మికులు' రాయండి. గౌరవంగా ఉంటుంది, చట్టంలోనూ ఆ మాటే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. అందులో వలస కార్మికుడంటే కాంట్రాక్టరు ద్వారా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పనికి వెళ్ళినవాడే. తనంతట తాను బస్సెక్కి పోయినవాడికి ఆ అర్థంలో చోటు ఉండేది కాదు. 2020లో చేసిన కొత్త కార్మిక స్మృతిలో సొంతంగా వెళ్ళి పని చూసుకున్నవాళ్ళని కూడా, నెల జీతం 18 వేల లోపు ఉంటే, ఈ మాట కిందికి తెచ్చారు. ఒక మాటకి ఎవరు లోపల, ఎవరు బయట అన్నది నిఘంటువులో చిన్న సంగతిలా కనపడుతుంది. పని చేసేచోట కాలు విరిగినవాడికి అది చిన్న సంగతి కాదు.

ఇంకో సంగతి. కనిగిరి నుంచి గుంటూరు పోయినవాడు, హైదరాబాదు పోయినవాడు మనకి ఒకటే. కానీ రాష్ట్రం విడిపోయిన 2014 తరవాత హైదరాబాదు పోయినవాడు చట్టం మాటల్లో అంతర్రాష్ట్ర కార్మికుడయ్యాడు.

'వలసదారు' అంటే కూలీ అవనక్కర్లేదు. దేశం మారినవాళ్ళ గురించి రాసేటప్పుడు అది బాగుంటుంది. 'వలసజీవులు' అని కొందరు రాస్తారు. నాకు నచ్చదు. మనుషుల్ని పక్కకి పెట్టి పురుగుల్లా చూసినట్టుంటుంది.

ఈ మాట అందరి నోటికీ ఎక్కింది 2020 లాక్‌డౌన్‌లో. మద్రాసు నుంచి ఉత్తరాదికి నడుచుకుంటూ పోయేవాళ్ళు పదహారో నంబరు జాతీయ రహదారి మీద నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగానే పోయారు. రోడ్డు పక్కన నిలబడి వాళ్ళకి నీళ్ళు, పులిహోర పొట్లాలు ఇచ్చినవాళ్ళలో మా పాత విద్యార్థులున్నారు. ఇచ్చేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఎవరో ఒకరు ఇంకెక్కడో రోడ్డు మీద ఉన్నారు. అంతదాకా 'వలస కార్మికులు' అంటే మనవాళ్ళే, పోయేవాళ్ళే. ఆ ఎండాకాలం మన ముంగిట్లోకి వచ్చినవాళ్ళు కూడా ఆ పేరుతోనే కనపడ్డారు.

ఇప్పుడు చీమకుర్తి గ్రానైట్ పనుల్లో, రొయ్యల గుంటల దగ్గర ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుర్రాళ్ళు కనపడతారు. మన ఊళ్ళలో వాళ్ళందరినీ కలిపి 'హిందీవాళ్ళు' అనేస్తారు. ఒడియా పిల్లాడికి హిందీ మాతృభాష కాదు. మనవాణ్ణి ఉత్తరాదిలో మద్రాసీ అన్నప్పుడు ఎట్టా ఉంటుందో గుర్తుచేసుకుని, పేరు అడిగి పేరుతో పిలిస్తే చాలు.

నిర్వాసితులు, శరణార్థులు, కాందిశీకులు: వీళ్ళు కూడా వలస పోయినవాళ్ళేనా?

పాత నిఘంటువు అర్థంలో అవునేమో గానీ, ఇప్పుడు రాసేటప్పుడు కాదు. ఇక్కడ మాట మారితే హక్కు మారుతుంది.

ప్రాజెక్టు కోసమో, ఫ్యాక్టరీ కోసమో ప్రభుత్వం ఊరు ఖాళీ చేయిస్తే వాళ్ళు నిర్వాసితులు. సోమశిల, కండలేరు జలాశయాల కింద ఊళ్ళు, పొలాలు పోయినవాళ్ళు నిర్వాసితులు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగ కేంద్రం వచ్చినప్పుడు దీవి విడిచిన యానాది కుటుంబాలు నిర్వాసితులు. వెలిగొండ ప్రాజెక్టులోని సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల ఆనకట్టల వెనక ముంపు ఊళ్ళవాళ్ళూ అంతే. వీళ్ళ గురించి 'వలస పోయారు' అని రాస్తే, వాళ్ళంతట వాళ్ళే పోయినట్టు అవుతుంది. నిర్వాసితుడికి పరిహారం రావాలి, ఇంటిస్థలం రావాలి. వలస పోయినవాడికి ఎవరూ ఏమీ బాకీ లేరు. పత్రికలో పనిచేసే పిల్లలు అడిగినప్పుడల్లా ఈ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను.

శరణార్థి అంటే ప్రాణభయంతో దేశం దాటి, ఇంకో దేశం ఆశ్రయం కోరినవాడు. కాందిశీకుడు కూడా దాదాపు అదే, కాస్త పాత మాట. దాని పుట్టుక తెలిస్తే మర్చిపోలేరు. సంస్కృతంలో 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకి?' అని. ఏ దిక్కుకి పోవాలో తెలియక పరిగెత్తేవాడు కాందిశీకుడు. మన కూలీకి దిక్కు తెలుసు. మేస్త్రీ ఫోన్ నంబరు కూడా తెలుసు.

పక్షులకీ గొర్రెలకీ ఇదే మాట ఎందుకు?

పక్షులకి వాడటం అందరికీ తెలిసిందే. పులికాట్ సరస్సుకి ఫ్లెమింగోలు, నేలపట్టుకి గూడబాతులు (పెలికాన్లు) వస్తాయి. రెండూ పాత నెల్లూరు జిల్లావి, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి మంచివని ఊరివాళ్ళు వాటి జోలికి పోరు. ఒక్క మాట: నేలపట్టులో పుట్టి పెరిగిన పక్షికి నేలపట్టే పుట్టిల్లు. అది వచ్చినప్పుడు వలస వచ్చిందంటాం గానీ, దాని వైపు నుంచి చూస్తే పురిటికి పుట్టింటికి వచ్చినట్టు.

గొర్రెల సంగతి ఇంకా బాగుంటుంది. నెల్లూరు గొర్రెలు దేశంలో పేరున్న జాతి. వాటిలో పల్ల, జోడిపి, డోర అని రకాలున్నాయి. మెట్టప్రాంతంలో మేత ఎండిపోగానే కాపరులు మందల్ని తోలుకుని, వరి కోసిన మాగాణి వైపు దిగుతారు. పగలు మేపి, రాత్రి రైతు పొలంలో 'మంద కడతారు'. ఒక్క రాత్రి మంద పడుకున్న చేను ఎరువు వేసినట్టే. అందుకు రైతు డబ్బో వడ్లో ఇస్తాడు. తొలకరికి మళ్ళీ మెట్టకి ఎక్కుతారు. పోవడం, రావడం, అటు వాళ్ళకీ ఇటు వీళ్ళకీ పని జరగడం అన్నీ ఇందులో ఉన్నాయి. కాపరిని అడిగితే అతనూ వలస అనడు. "మందలో ఉండాం" అంటాడు.

ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉండే జాతుల వాళ్ళది వలస కాదు, సంచారం. విడిచి వచ్చిన ఊరంటూ ఒకటి ఉంటేనే వలస.

ఒంగోలు ఎద్దులు బ్రెజిల్‌కి వలస వెళ్ళాయని చదివాను. ఆ వాడుక సరైనదేనా?

వాటిని ఓడల్లో కొనుక్కుని పోయారు. కాబట్టి ఎగుమతి అనాలి. పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఆ రవాణా తరవాత కూడా సాగింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనక అక్కడ ఆ జాతికి 'నెలోర్' అనే పేరు పడింది. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తానివే. ఎద్దు పోయిన దేశంలో ఊరి పేరు నిలిచింది. మనుషులకి ఆ అదృష్టం అంత సులువుగా దొరకదు.

వలస పాలన, వలసవాదం అంటే తెల్లవాళ్ళ రాజ్యం కదా. అక్కడ ఈ మాట ఎలా వచ్చింది?

ఒక దేశం వాళ్ళు ఇంకో చోటికి వచ్చి స్థిరపడి, ఆ చోటుని తమ చెప్పుచేతల్లో పెట్టుకుంటే దాన్ని 'వలస రాజ్యం' అన్నారు. వచ్చినవాళ్ళు వలసవాళ్ళు గనక. మన తీరంలోనే ఉదాహరణ ఉంది. ఇంగ్లీషు కంపెనీ 1620లలో దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టింది. అక్కడి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాక కంపెనీ మకాం అటు మారింది.

పిల్లలకి తికమక ఇక్కడే. వలస కూలీ బలహీనుడు, వలస పాలకుడు బలవంతుడు. మాట ఒకటే. పరీక్షలో 'వలస' తరవాత వచ్చే మాట చూడమని చెప్పేవాణ్ణి.

కొత్తవలస లాంటి ఊరి పేర్లలో ఉన్నది ఈ వలసేనా?

అవును. విజయనగరం జిల్లాలో కొత్తవలస ఉంది, ఉత్తరాంధ్రలో 'వలస' చివర వచ్చే ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరని ఆ పేరే చెబుతుంది. మన వైపు అలాంటిచోట కొత్తూరు, కొత్తపల్లి, కొత్తపాళెం అంటాం.

మా ఊరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి 'వలస వెళ్ళింది' అని రాశారు. తప్పా?

తప్పే. ఊరు కదల్లేదు, గీత కదిలింది. 'చేరింది', 'కలిపారు' అనాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, కందుకూరు నెల్లూరు నుంచి, ఒంగోలు గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. కదలకుండా కూర్చుని కనీసం రెండుసార్లు జిల్లా మారినవాళ్ళు కందుకూరులో ఉన్నారు.

నాయకులు పార్టీ మారితే 'వలసలు' అంటున్నారు...

అది పత్రికల వాడుక. ఫిరాయింపు అనే మంచి మాట ఉంది, గోడ దూకడం అనే చక్కటి పలుకుబడి ఉంది. కూడు లేక ఊరు విడిచినవాడి మాటని అక్కడ ఖర్చు పెట్టనక్కర్లేదు.

అర్జీలో ఎలా రాయాలి?

సచివాలయంలో ఉద్యోగం చేసే పిల్లలు అడుగుతారు. 'శాశ్వతంగా వలస వెళ్ళారు' అని రాసే ముందు ఒక్కసారి ఇంటివాళ్ళకి ఫోన్ చేసి అడగండి. సీజనుకి పోయి వచ్చేవాళ్ళని అలా రాస్తే పింఛనుకో కార్డుకో అడ్డం పడుతుంది. 'తాత్కాలికంగా పని నిమిత్తం ఫలానా ఊళ్ళో ఉన్నారు, నివాసం ఇక్కడే' అని రాస్తే నిజం నిజంలా ఉంటుంది. రేషన్ ఇప్పుడు దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు కాబట్టి, వేరే ఊళ్ళో బియ్యం తీసుకున్నంత మాత్రాన ఊరు వదిలేసినట్టు కాదు. పిల్లల విషయంలోనూ అంతే. తల్లిదండ్రులు పోయినా పిల్లాడు ఇక్కడ సీజనల్ హాస్టల్లోనో, అవ్వ దగ్గరో ఉండి చదువుతుంటే, పట్టీలో వాడి పేరు పక్కన వలస అనే మాటే రాకూడదు.

తిరిగి రావడాన్ని ఏమంటారు?

పుస్తకాల్లో 'తిరుగు వలస' అని రాస్తున్నారు. 2020లో ఆ మాట బాగా వాడారు, అర్థమవుతుంది, తప్పు లేదు.

ఊళ్ళో మాత్రం 'దిగినారు' అంటారు. భోగికి ముందు రెండు రోజులు కనిగిరి బస్టాండులో నిలబడితే వినపడుతుంది. "మీవోళ్ళు దిగినారా?" "రాత్రే దిగినారు." "మావోళ్ళు రేపు దిగతారంట, రిజర్వేషన్ దొరకలా." బస్సు దిగినవాళ్ళు నేరుగా ఇంటికి పోరు. పక్కింటికి పోయి తాళంచెవి తీసుకుంటారు. తాళానికి చుట్టిన దారం బిగుసుకుపోయి ముడి రాదు. పిల్లలు పళ్ళతో లాగుతారు.